పటములలోని ఆటబొమ్మలు

మా యింటి గోడనున్న మిక్కిలి పాత ఛాయాచిత్రమున బిడ్డ చేతనున్న కొయ్యచిలుక మాది కాదు, స్టూడియోవారిది. బిడ్డ కదలిన పటము చెడునని ఆ దినములలో చేతికొక బొమ్మ నిచ్చెడివారు. పటము ముగియగానే పుచ్చుకొనెడివారు. ఆ చిన్ని మోమునందలి బిగువు భయము కాదు, బొమ్మను విడువవలసివచ్చునను దిగులేమో!

1900లో అమెరికాలో ఒక్క డాలరు వెలకు బ్రౌనీ కెమెరా వెలువడిన పిమ్మట ఛాయాగ్రహణము క్రమముగా గృహములలో ప్రవేశించినది. అయినను కెమెరా కనబడగానే మా పెద్దలు మా ముఖము కడిగి, ముంజికాయల బండిని లాగుకొని, అలమరలోని కొండపల్లి అంబారీ ఏనుగును చేతికిచ్చిరి. తెల్లపొణికి కొయ్యతో చేసిన ఆ బొమ్మ కొలువునకే గాని ఆటకు గాదు. మఱునిమిషమున మరల అలమర చేరినది. మేము పంగలకఱ్ఱతో దినమెల్ల త్రోసిన బండి మాత్రము పటపు అంచున, సగము చక్రమై, మిగిలిపోయినది.