వడ్డించే చేతికి ఒకపూట సెలవు



ఇవాళ మీతో ఒక చిన్న విషయం మాట్లాడదామని వచ్చాను. చిన్నదే గాని, తవ్వుకుంటూ పోతే పెద్దదవుతుంది. ముందుగా ఒక మాట అడుగుతాను, మొగమాటం లేకుండా చెప్పండి. మీరూ, మీవారూ ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో ఎవరూ లేవకుండా, వేడివేడిగా ఒక పూట తిని ఎన్నాళ్ళయింది? పెళ్ళిళ్ళలో బంతి భోజనాల మాట వద్దు. అక్కడ మగవాళ్ళది ఒక బంతి, మనదొక బంతి. ఇంటి మాట అసలే వద్దు. ఇంట్లో మనం కూర్చుంటే గదా!

నేనూ మీలాంటిదాన్నే. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ లెక్క నాకూ ఎప్పుడూ పట్టలేదు. కిందటేడు ఒక సాయంత్రం గ్యాసు అయిపోయింది. రెండో సిలిండరు కూడా ఖాళీ. పిల్ల బెంగుళూరులో హాస్టల్లో ఉంటోంది. మా అత్తగారు రాత్రిపూట మజ్జిగలో నాలుగు బొరుగులు వేసుకుని తాగి పడుకుంటారు. మావారు గడప దగ్గర చెప్పులు విప్పబోయి ఆగి, "పోనీ, క్లాక్ టవర్ దాకా నడిచి ఏదో ఒకటి తినొద్దామా?" అన్నారు. నేను చీర కూడా మార్చుకోకుండా బయలుదేరాను.

హోటల్లో కూర్చున్నాం. సర్వరు కుర్రాడు వచ్చి, ముందు నావైపే తిరిగి, "మీకేం కావాలమ్మా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. నమ్ముతారో లేదో గాని, ఆ ప్రశ్న నన్నెవరూ అడిగి ఎన్నేళ్ళయిందో! రోజూ ఇంటిల్లిపాదినీ అడిగేది నేను. నేను నీళ్ళు నములుతుంటే మావారే అందుకున్నారు. "ఆమెకు దోశ నాయనా. బాగా కాల్చి తీసుకురా. కొంచెం మాడినా పర్లేదు, ఆమెకు అట్లాంటిదే ఇష్టం" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆ వెనకాలే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఎందుకంటారా? మా ఇంట్లో దోశలు పోసేటప్పుడు ముందు అత్తగారికి, తర్వాత ఆయనకి, తర్వాత పిల్లకి. నా వంతు వచ్చేసరికి పెనం కాలిపోయి ఉంటుంది, పిండి అడుగుకు వచ్చి ఉంటుంది. చివరి దోశ మాడుతుంది, లేదా చిరుగుతుంది. అదే నేను తింటాను. ఇరవై రెండేళ్ళుగా అది చూసి చూసి, పాపం ఆయన నాకు మాడిన దోశంటే ప్రాణమనుకున్నారు!

"నాకు మెత్తటి సెట్ దోశ ఇష్టమండీ" అన్నాను. ఆయన ఆశ్చర్యపోయి, "మరి ఇన్నేళ్ళూ?" అన్నారు. "మిగిలింది తిన్నాను" అన్నాను. కాసేపు ఆయనేమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "చెప్పుండొచ్చు గదా" అన్నారు. అదీ నిజమే సుమండీ. తప్పు ఆయన ఒక్కరిదేనా? కనుక్కోనిది ఆయన, చెప్పనిది నేను. ఇంట్లో మనం మన ఇష్టాన్ని మూతపెట్టి అటక మీద దాచేస్తాం. తర్వాత ఎవరూ దింపి చూడలేదని బాధపడతాం.

ఆ రోజు నుంచి నెలకొకసారి ఇద్దరం కలిసి బయట తినాలని నియమం పెట్టుకున్నాం. అప్పుడు మొదలైంది ఇంట్లో అసలు కథ. మా అత్తగారికి ఇది నచ్చలేదు. "ఇంట్లో పొయ్యి ఉండంగా హోటలు కూడేంటికమ్మా? కరువు సీమలో ఇదేం సోకు?" అన్నారు. పార్సిలు కట్టించి తెస్తే ముట్టుకోలేదు. నేను మనసు కష్టపెట్టుకున్నాను. కోడలు ఒకపూట సుఖపడితే ఓర్వలేదనుకున్నాను. దాచడమెందుకు, రెండు రోజులు ముభావంగా కూడా ఉన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం శనక్కాయలు ఒలుస్తూ ఆమే చెప్పుకొచ్చారు. 1952 కరువప్పుడు ఆమెకు ఆరేళ్ళట. మన రాయలసీమ జిల్లాల్లో ప్రభుత్వం గంజి కేంద్రాలు తెరిచింది. సైన్యం వచ్చి ఎండిన బావులు లోతు చేసింది. ఆ రోజుల్లో వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని, సత్తు గిన్నెతో వరసలో నిలబడ్డారట. "పరువు గల ఇంటోళ్ళం. తలమీద కొంగు కప్పుకోని మా యమ్మ ఏడుస్తా నిలబడింది. బయట కూడు అంటే నాకు అదే గుర్తొస్తాది" అన్నారు.

నా నోట మాట రాలేదు. నాకు బయట తిండి అంటే సెలవు. ఆమెకు బయట తిండి అంటే అవమానం. ఒకే గడపలో ఉన్నాం, ఆ సంగతి నాకు తెలియదు. మన అనంతపురానికి ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు. దేశంలో ఇంత తక్కువ వాన పడే జిల్లాలు బహు కొద్ది. 1876లో మొదలైన ధాత కరువు మొదలుకొని ఎన్ని కరువులు చూసిందో ఈ నేల! ఇక్కడ అన్నం దగ్గర పెద్దవాళ్ళు కటువుగా మాట్లాడితే, అది పిసినారితనం అనుకోకండి. వాళ్ళ వెనకాల ఏ వరస ఉందో మనకేం తెలుసు?

హోటలు గడప ఆడవాళ్ళకు తేలిగ్గా తెరుచుకున్నదీ కాదు. మా అమ్మమ్మ కాలంలో హోటల్లో తినడం అనాచారం. తర్వాత్తర్వాత హోటళ్ళలో 'ఫ్యామిలీ రూమ్' అని ఒక మూల పచ్చ పరదాలు కట్టారు. ఆడవాళ్ళు భర్తతో వచ్చినా పరదా వెనకాలే తినాలి. ఇంతకంటే పెద్ద అన్యాయం ఇంకొకటుంది. కులం పేరుతో ఎందరినో అసలు లోపలికే రానివ్వలేదు. రానిచ్చిన చోట కూడా గ్లాసులు వేరుగా పెట్టారు. మన రాజ్యాంగం 1950లో అమలులోకి వచ్చింది. అందులో 15వ అధికరణం హోటళ్ళ పేరెత్తి మరీ, అందరికీ ప్రవేశం ఉండాలని చెప్పింది. అంటే పక్క టేబుల్ మీద ఎవరు కూర్చున్నారో చూడకుండా మనం ఇవాళ కాఫీ తాగుతున్నామంటే, దాని వెనక ఎంతోమంది పడ్డ పాట్లు ఉన్నాయి.

కరువుకూ హోటలుకూ ఇంకో చుట్టరికం కూడా ఉంది. బెంగుళూరులో 1924లో మొదలైన మావళ్ళి టిఫిన్ రూమ్స్ పేరు వినే ఉంటారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బియ్యం దొరక్క, రవ్వతో ఇడ్లీ చేసి చూశామని వాళ్ళు చెప్పుకుంటారు. ఇవాళ మనం ముచ్చటపడి తినే రవ్వ ఇడ్లీ కొరతలో పుట్టిందన్నమాట! మన రాగిసంగటి సంగతీ అంతే. ఒకప్పుడు వరి అన్నం పండగనాడే, మిగతా రోజులన్నీ సంగటే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇప్పుడు రాగిసంగటి హోటళ్ళలో నాటుకోడి పులుసు పక్కన దర్జాగా కూర్చుంది.

సరే, ఇద్దరూ వెళ్ళాలనుకుంటే ఎలా వెళ్ళాలి? నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, పెద్ద హోటలే కానక్కర్లేదు. పొద్దున పూట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నా చాలు. ఒకరు ఎర్రకారం దోశ, ఒకరు ఇడ్లీ చెప్పి చెరిసగం పంచుకుంటే రెండు రుచులూ దక్కుతాయి. నేను పోపుల డబ్బాలో వారానికి కొంత వేస్తాను. నెలాఖరుకు ఒక టిఫిను ఖర్చు కూడుతుంది. సాయంత్రం పెందలాడే వెళ్తే రద్దీ ఉండదు, మాట వినపడుతుంది.

రెండోది, బిల్లు చదవండి. చదవడం నామోషీ కాదు. మామూలు హోటళ్ళలో జి.ఎస్.టి. 5 శాతం. కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర. కాంపొజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న హోటళ్ళు మన దగ్గర ఆ పన్ను విడిగా వసూలు చేయకూడదు. 'సర్వీస్ చార్జి' అని వేరే వేస్తే అది పన్ను కాదు. ఇవ్వడం మన ఇష్టం. 2022 జూలైలో వినియోగదారుల రక్షణ సంస్థ ఆ సంగతి స్పష్టం చేసింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్నే బలపరిచింది. పేచీ వస్తే 1915 నెంబరుకు ఫోను చేయొచ్చు. గోడ మీద ఆహార భద్రత లైసెన్సు, దానిమీద 14 అంకెల నెంబరు ఉన్నాయో లేదో ఒక చూపు చూడండి.

మూడోది, నీళ్ళు. గ్లాసు నిండా పోయించుకుని సగం వదిలేసే అలవాటు మానుకుందాం. కావలసినంతే పోయమని చెప్పండి. బిందె నీళ్ళ కోసం నడిచిన ఊళ్ళ మధ్య బతుకుతున్నాం మనం. మిగిలిన పదార్థం కూడా సిగ్గుపడకుండా కట్టించుకోండి.

నాలుగోది, ముఖ్యమైనది. ఇద్దరి సెల్‌ఫోన్లూ సంచీలో పడేయండి. పక్కనే కూర్చుని ఆయన లోకం ఆయనది, మన లోకం మనది అయితే ఇంట్లోనే ఉండొచ్చు గదా! అలాగే కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, ఆడబిడ్డ గొడవ కూడా ఇంటి దగ్గరే వదిలేసి వెళ్ళండి. అవి ఎక్కడికీ పోవు, మనకోసం కాచుకునే ఉంటాయి!

ఇంకో మాట. వడ్డించే కుర్రాడితో మంచిగా మాట్లాడండి. వానల్లేక శనక్కాయ పంట పోయినప్పుడు మన పల్లెల నుంచి ఎందరో బెంగుళూరు బస్సెక్కుతారు. అక్కడా ఇక్కడా హోటళ్ళలో ప్లేట్లు తీసే చేతుల్లో అలాంటి ఇళ్ళ పిల్లలున్నారు. వాళ్ళు కూడా మనలాగే అందరూ తిన్నాకే తింటారు. వాళ్ళ ఆకలి మనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"మాకు అంత తాహతు ఎక్కడిదమ్మా" అనే అక్కలూ ఉన్నారు. నిజమే. అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. అక్కడ పూటకు 5 రూపాయలే. పల్లె నుంచి పనిమీద వచ్చిన ఆలుమగలు అక్కడ పక్కపక్కన నిలబడి తిన్నా, అదీ కలిసి తినడమే. అసలు సంగతి హోటలు కాదు. ఇద్దరూ ఒకే వేళకు తినడం.

ఆ మాటకొస్తే, హోటలు మాకు నేర్పింది ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు మా ఇంట్లో గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని ముగ్గురం ఒకేసారి కూర్చుంటాం. కావలసింది ఎవరిది వాళ్ళు వడ్డించుకుంటారు. అత్తగారు మొదట్లో "ఇదేం పద్ధతి" అని గొణిగినా, ఇప్పుడు, "కోడలా, రా, చల్లారిపోతాంది" అని ఆమే పిలుస్తున్నారు. మూడో నెల మాతో హోటలుకు కూడా వచ్చారు. ధరల పట్టీ చదివించుకుని, "సంగటి ముద్దకు ఇంత దుడ్డా!" అని బుగ్గన వేలేసుకున్నారు. తిన్నది మాత్రం మెత్తటి సెట్ దోశ. ఆమెకూ అదే ఇష్టమని నాకు అప్పుడే తెలిసింది.

మొన్న ఆదివారం మావారు దోశలు తానే పోస్తానని పెనం ముందు నిలబడ్డారు. మొదటిది మాడింది. దాన్ని నా కంచంలో వేయబోయి, ఆగి, తన కంచంలో వేసుకున్నారు.

ఈ నెల్లో ఒక సాయంత్రం మీరూ ఇద్దరూ బయలుదేరండి. సర్వరు వచ్చి "మీకేం కావాలమ్మా?" అంటే, తడుముకోకుండా చెప్పండి. ఇక సెలవు. నమస్కారం.