విందు అయ్యాక విస్తరి ఏమవుతుంది?
(వార్షిక సభలో మహిళా విభాగం తరపున చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం వార్షిక సభల్లో చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్లిళ్ల ఖర్చుల గురించి మాట్లాడడం ఆనవాయితీ. యీసారి మేము ఎంగిలి పళ్లేల గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. నవ్వినా ఫరవాలేదు. ఎంగిలాకులు ఎత్తమంటే వచ్చినవాళ్లను లెక్కపెట్టాడని సామెత వుంది కదా! మేము యివాళ వచ్చినవాళ్లను కాదు, ఆ ఆకులనే లెక్కపెడదామని వచ్చాం.

లెక్క చూడండి. 500 మందికి వలీమా చేశామనుకోండి. మనిషికి ఒక పళ్లెం, దాల్చాకు ఒక గిన్నె, మీఠాకు ఒక గిన్నె, ఒక గ్లాసు, ఒక చెంచా. అంటే అయిదు వస్తువులు. 500 మందికి 2,500 వస్తువులు. ఒక్కొక్కదాని వాడకం అరగంట. ఆ తర్వాత అవన్నీ ఫంక్షన్ హాలు వెనక సందులోకి పోతాయి. అక్కడ అన్నం వాసనకు పశువులు వచ్చి ప్లాస్టిక్కుతో సహా నమిలేస్తాయి. మిగిలింది గాలికి మురుగు కాలువలో పడుతుంది. వానాకాలంలో ఆ కాలువ పొంగి నీళ్లు వచ్చేది ఎవరి గడపలోకి? పల్లపు బస్తీలలో వుండే మన గడపలోకే. కాబట్టి యిది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు.

మన పెద్దల కాలంలో యీ బాధ లేదు. తెలంగాణ పల్లెల్లో మోదుగాకులు, మరి కొన్నిచోట్ల మర్రాకులు తెచ్చి సన్నని పుల్లలతో కుట్టి విస్తళ్లు చేసేవారు. శ్రీకాకుళం, విశాఖ ఏజెన్సీ కొండల్లో అడ్డాకు తీగ వుంది. దాని ఆకు పెద్దది, గట్టిది. గిరిజన స్త్రీలు అడవికి పోయి కోసి తెచ్చి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకు తెచ్చేవారు, యిప్పటికీ తెస్తున్నారు. ఒడిశా, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వైపు సాల వృక్షపు ఆకు యిదే పని చేస్తుంది. నేపాలులో దానితో కుట్టిన విస్తరిని టపరి అంటారు. తిన్నాక విస్తరి పెంటకుప్పలో పడేది, వచ్చే ఏడాదికి చేనుకు ఎరువయ్యేది. పారేసే వస్తువు అనే మాటే అప్పుడు లేదు. మట్టికి తిరిగి యిచ్చే వస్తువు అనాలి.

తర్వాత ప్లాస్టిక్ వచ్చింది, థర్మోకోల్ వచ్చింది. తేలిక, చవక, తెల్లగా అందంగా వుంటుంది. అందరం వాటినే కొన్నాం. చివరికి కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో నిబంధనలు మార్చి, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు వగైరాలను 2022 జూలై 1 నుంచి నిషేధించింది. నిషేధం వచ్చినంత మాత్రాన బజారులో సరుకు మాయం కాలేదని మీకూ తెలుసు, మాకూ తెలుసు.

ప్లాస్టిక్ వద్దనుకున్నవాళ్లు పేపర్ కప్పుకు, పేపర్ ప్లేటుకు మారారు. కాని ఒక్క మాట ఆలోచించండి. వట్టి కాగితంలో వేడి చాయ్ పోస్తే నిలుస్తుందా? నిలవదు. అందుకే లోపల సన్నని ప్లాస్టిక్ పొర అతికిస్తారు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో యీ కప్పులను పరీక్షించారు. 100 మిల్లీలీటర్ల వేడి నీరు 15 నిమిషాలు వుంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు నీటిలోకి దిగుతున్నాయని తేల్చారు. ఆ పొర వల్లనే కప్పు మట్టిలో పూర్తిగా కలవదు, తిరిగి కాగితం చేయడమూ కష్టమే.

యిక యీ మధ్య వచ్చిన చెరకు పిప్పి పళ్లేల సంగతి. టన్ను చెరకు ఆడిస్తే పావు టన్నుకు మించి తడి పిప్పి మిగులుతుంది. చక్కెర ఫ్యాక్టరీలు చాలావరకు దాన్ని తమ బాయిలర్లలోనే మండిస్తాయి. పళ్లేలు చేసేవాళ్లు అందులోని మెత్తని బెండు తీసేసి, నారను వుడికించి గుజ్జు చేస్తారు. ఆ గుజ్జును నీళ్లలో కలిపి, జల్లెడలాంటి అచ్చు మీదికి పీల్చి, వేడి అచ్చుల మధ్య నొక్కుతారు. నీరు ఆవిరైపోగానే నారపోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. జిగురు అక్కరలేదు. కాగితం పుట్టే పద్ధతే యిది, ఆకారం మాత్రం పళ్లెం.

మరొకటి పోక మట్ట పళ్లెం. పోకచెట్టు నుంచి తనంతట తాను రాలిన మట్టను కడిగి, నానబెట్టి, వేడి అచ్చులో నొక్కుతారు. కర్ణాటక, కేరళ తోటల్లో యిది మంచి కుటీర పరిశ్రమ అయింది.

యింతవరకు వింటే అంతా బాగానే వుంది. కాని ఆకుపచ్చ రంగు లేబిలు అంటించిన ప్రతిదీ మంచిదేనని మాత్రం మేము చెప్పం. మూడు సంగతులు గమనించాలి.

మొదటిది, పూత. నారతో చేసిన పళ్లెం నూనెను పీలుస్తుంది. బిర్యానీ, సాలన్ లాంటి వేడి జిడ్డు వంటకు అది ఆగాలని కొన్ని కంపెనీలు ఫ్లోరిన్ కలిసిన రసాయనాలు వాడాయి. అవి మట్టిలోనూ నీటిలోనూ ఏళ్ల తరబడి చెక్కు చెదరవు. డెన్మార్క్ దేశం 2020 జూలై నుంచి ఆహారానికి వాడే కాగితం, అట్టల్లో వాటిని నిషేధించింది. కాగితపు ఆహార ప్యాకింగుకు నూనె అంటకుండా వేసే యీ రసాయనాల అమ్మకం తమ దేశంలో ఆగిపోయిందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. మనం కొనేటప్పుడు దుకాణదారును అడగవలసిన మొదటి ప్రశ్న యిదే: భాయీ, దీని మీద ఏ పూత వేశారు?

రెండవది, పోక మట్ట. అదే అమెరికా సంస్థ 2025లో పోక మట్ట పళ్లేల గురించి హెచ్చరించింది. పోకచెట్టులో సహజంగా వుండే ఆల్కలాయిడ్లు తిండిలోకి దిగవచ్చునని, వాటిని అక్కడ అమ్మవద్దని చెప్పింది. చెట్టు నుంచి వచ్చిందల్లా నోటికి మంచిదని అనుకోరాదు. యీ విషయం పూర్తిగా తేలేదాకా వేడి వంటకు, పులుపు వంటకు దాన్ని వాడకపోవడం మేలని మా అభిప్రాయం.

మూడవది, మొక్కజొన్న ప్లాస్టిక్. చూడడానికి అచ్చం ప్లాస్టిక్ గ్లాసులాగే వుంటుంది, కంపోస్ట్ అవుతుందని రాసి వుంటుంది. అవుతుంది, కాని ఎక్కడ? సుమారు 58 డిగ్రీల వేడి నిలిచే పెద్ద కంపోస్ట్ కేంద్రంలో అవుతుంది. మన పెరటి గుంటలో అంత వేడి నిలవదు, అక్కడ అది చాలాకాలం అలాగే పడి వుంటుంది. యిలాంటి సరుకుకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ వుండాలి. అడిగి చూసి కొనాలి.

యిప్పుడు అసలు సంగతి. మంచి పళ్లెం కొని, దాన్ని చెత్త లారీలో వేసి డంపింగ్ యార్డుకు పంపితే ఏమవుతుంది? గాలి ఆడని గుట్ట కింద అది కుళ్లి మీథేన్ వాయువు పుడుతుంది. నూరేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అంటే కొనేటప్పుడు సగం పనే అయింది. మిగతా సగం తిన్నాక చేయాలి.

ఆ పని కష్టమేమీ కాదు. పళ్లెంలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. మిగిలిన అన్నం, కూరల్లో నత్రజని వుంటుంది. రెండూ కలిస్తేనే ఎరువు త్వరగా తయారవుతుంది. పళ్లేలను చింపి, మిగులు తిండితో కలిపి, పొర పొరకూ మట్టిగాని ఎండుటాకుగాని కప్పాలి. పిండిన గుడ్డకు వుండేటంత తడి చాలు. వారానికొకసారి తిరగెయ్యాలి. మాంసం, ఎముకలు, ఎక్కువ నూనె మాత్రం వేరు చెయ్యండి. లేకపోతే కుక్కలు, ఎలుకలు చేరతాయి. అన్నిటికన్నా ముఖ్యం, విందులో రెండు డ్రమ్ములు పెట్టి తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు చెయ్యడం. నూరుమందికి మించి జనం చేరే విందు లైసెన్సు లేని చోట చేసేవారు మునిసిపాలిటీకి మూడు పనిదినాల ముందే చెప్పాలనీ, చెత్తను అక్కడే వేరు చెయ్యాలనీ 2016 నిబంధనల్లోనే రాశారు. ఎంతమంది పాటించారో ఎవరికి వారే చెప్పుకోవాలి.

కార్యవర్గం ముందు మేము మూడు కోరికలు పెడుతున్నాం.

ఒకటి. అన్నిటికన్నా మంచి పళ్లెం కడిగి మళ్లీ వాడుకునే స్టీలు పళ్లెమే. సంఘం తరపున 500 స్టీలు పళ్లేలు, గిన్నెలు, గ్లాసులు కొని వుంచుదాం. పేదింటి పెళ్లికి వుచితంగా, కలిగినవారికి అద్దెకు యిద్దాం. ఆ అద్దెలో నుంచే కడిగేవారికి కూలి యివ్వాలి. నీళ్ల ఎద్దడి వున్న బస్తీల్లో యిది అన్నివేళలా కుదరదని మాకు తెలుసు. కుదిరినచోట మొదలుపెడదాం.

రెండు. స్టీలు కుదరనిచోట మొదట కుట్టిన విస్తరి, అది దొరకకపోతే పూత లేని చెరకు పిప్పి పళ్లెం. చాయ్‌కి గాజు గ్లాసే. మన సంఘం యిచ్చే యిఫ్తార్ విందులతోనే యీ నియమం మొదలు కావాలి. మనం చేసి చూపకుండా బస్తీకి చెప్పే హక్కు మనకు లేదు.

మూడు. మన అక్కచెల్లెళ్లు చాలామంది బీడీలు చుడుతున్నారు. పొగాకు ధూళి పీల్చి, నడుము వంచి, తునికాకు కత్తిరించి బతుకుతున్నారు. ఆ చేతులకు ఆకు పని కొత్త కాదు. మోదుగాకు, అడ్డాకు కొని తెచ్చి కుట్టడం, వేడి అచ్చు మిషనుతో నొక్కడం నేర్పించవచ్చు. అయితే ఆశ పెట్టి ముంచకూడదు. పెళ్లిళ్ల కాలం తప్ప మిగతా నెలల్లో గిరాకీ మందగిస్తుంది. ఆకు సరిగా ఎండకపోతే, తడినేల మీద పెడితే బూజు పడుతుంది. కాబట్టి ముందుగా సంఘమే ఏడాదికి యిన్ని విస్తళ్లు కొంటామని మాట యివ్వాలి. ఆ తర్వాతే మిషను కోసం అప్పు. కొనేవాడు లేని మిషను యింట్లో మూల కూర్చుని వడ్డీ తింటుంది.

చివరగా ఒక మాట. విందు గొప్పతనాన్ని లోకం దేగ్‌ల లెక్కతో చూస్తుంది. మర్నాడు వుదయం చీపురు పట్టుకుని వచ్చే మునిసిపల్ కార్మికురాలు మాత్రం ఆ సందును చూసి మన మర్యాదను కొలుస్తుంది. మన యింటికి పిలవకపోయినా ఆమె కూడా మన విందులో భాగస్వామి అయింది. ఆమె చేతికి కుళ్లిన కుప్ప యివ్వకుండా వుండడం మన చేతిలో వున్న పని.

 మూడు కోరికల మీద యీ సభలోనే ఓటు తీసుకోవాలని అధ్యక్షులవారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం. ఖుదా హాఫిజ్.