సారె ముందు కూర్చున్నవాడు



పెరుగు కుండ, వేసవి కూజా, కార్తిక దీపపు ప్రమిద తెలుగువారందరు ఎరిగినవే. వానిని చేయు చేతుల శ్రమను మాత్రము పట్టణవాసి యెరుగడు. నేడు ఢిల్లీ వంటి నగరములలో ఉద్యోగులు కొందరు సెలవు దినమున సారె ముందు కూర్చుండి కుండలు చేయుట నేర్చుకొనుచున్నారు. దానివలన మనస్సునకు కుదురు కలుగునని వారి మాట. అది యెట్లు కలుగునో విచారింపదగినది.

మొదట, మట్టి అంతయు ఒకే మెత్తదనము పొందువరకు పిసుకవలెను. పిమ్మట ముద్దను సారె నడుమ నిలుపవలెను. కష్టమంతయు ఇచ్చటనే యున్నది. ముద్ద వెండ్రుకవాసి ప్రక్కకు జరిగినను, తిరుగు వేగమున అది చేతులను త్రోసివేయును. బలము చూపినకొలది మరింత వంకర పోవును. మోచేతులను తొడలకు ఆనించి, ఊపిరి నిదానించి, చేతులను కదలనీయక యుంచినచో మట్టి తానే నడుమకు వచ్చును. ఆ క్షణమున ఆఫీసు ఫైలో, ప్రమోషను జాబితాయో తలపునకు వచ్చెనా, గోడ కూలినదే! జపమాలను మోసగింపవచ్చును గాని సారెను మోసగింప వీలులేదు.

చెడిన పచ్చి కుండను నీట నానవేసి మరల ముద్ద చేసికొనవచ్చును. ఆవములో సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు వేడి దాటిన పిదప ఆ వీలు లేదు.

ఢిల్లీలో ఈ విద్యకు బాట వేసిన సర్దార్ గురుచరణ్ సింగ్ 1919లో జపాను వెళ్లిరి. అచట యానగి సోయెత్సు, హమదా షోజీ, ఆంగ్లేయుడైన బెర్నార్డ్ లీచ్ ఆయనకు మిత్రులైరి. నిత్యము వాడుకొనుటకు పేరులేని పనివారు చేసిన పాత్రలలోనే నిజమైన సౌందర్యము కలదని యానగి వాదము. సింగ్ గారు 1952లో ఢిల్లీ బ్లూ పాటరీని స్థాపించిరి.

ఆ పేరులేని పనివారు దూరమున లేరు. ఉత్తమ్ నగర్ కుమ్మరి వాడలో వందలాది కుటుంబములు ఈ పనిపైననే బ్రతుకుచున్నవి. సెలవుదినపు అభ్యాసికి కూలిన కుండ ఒక పాఠము, వారికది నష్టము. దీపావళి ముందు వాన పడినచో ప్రమిదలు ఆరవు. “కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు” అను సామెతలోని బాధ వారిది. అయినను ఈ అభ్యాసము వట్టి విలాసము కాదు. నాలుగు వారములు ఒక్క కుండను నిలుపలేక అవస్థపడినవాడు, ప్రమిదల డజనుకు రెండు రూపాయలు తగ్గింపుమని అడుగుటకు జంకును.

సారె లేనివారు పిడికెడు బంకమట్టితో ఆరంభింపవచ్చును. ముద్దను అరచేత నుంచి, బొటనవ్రేలితో గుంట చేసి, త్రిప్పుచు అంచు నొక్కినచో ప్రమిద యగును. పిల్లలును చేయగలరు. నీడన మెల్లగా ఆరనిచ్చి, కుమ్మరి వద్దకు కొనిపోయి, అడిగిన కూలి యిచ్చి, ఆయన ఆవములోనే కాల్పించుకొనవలెను.