మంచు తవ్విన చెరువు



చెరువంటే మన వేములవాడ వైపు వాళ్ళకు కట్ట, తూము, మత్తడి గుర్తొస్తాయి. ఎవరో ఒకరు కట్ట పోయిస్తేనే చెరువు. మనిషి చెయ్యి పడని పెద్ద చెరువు ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు. షికాగోలో ఉంటున్న మా చెల్లెలింటికి పోయినప్పుడు, మిషిగన్ సరస్సు ఒడ్డున నిలబడి "ఇది ఏ సముద్రమే?" అని అడిగాను. "సముద్రం గాదక్కా, మంచినీళ్ళే" అని నవ్వింది.

ఆ సరస్సు పొడవు 490 కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు 190 దాకా. అవతలి గట్టు కనపడదు. బాగా లోతైన చోట 281 మీటర్లు. మన మిడ్ మానేరు నిండితే పాతిక టి.ఎం.సి.లు దాటుతుంది కదా! అటువంటివి ఆరు వేలు కలిపితే ఆ ఒక్క సరస్సు.

మరి అంత గుంట తవ్విందెవరు? మంచు. వేల ఏళ్ళ క్రితం ఉత్తరం నుంచి కొండంత మందాన మంచు కదిలి వచ్చి, మెత్తని రాతినీ పాత లోయలనూ గీకి గుంట చేసింది. గీకిన మట్టినీ రాళ్ళనూ అంచున కట్టలా పోసింది. సుమారు 14 వేల ఏళ్ళనాడు మంచు కరిగి వెనక్కి తగ్గుతుంటే ఆ నీరే అక్కడ నిలిచింది.

తరువాత ఒకప్పుడు నీరు బాగా తగ్గి, మళ్ళీ పెరిగిందట. షికాగో దాపున 80 అడుగుల లోతున, ఎనిమిది వేల ఏళ్ళనాటి చెట్ల మొదళ్ళు 1989లో కనిపించాయి. ఈ సంగతి చెబుతూ చెల్లెలు మధ్యలో ఆగిపోయింది. మా తల్లిగారి ఊరు మిడ్ మానేరులో మునిగింది. మా వాకిట్లో వేపచెట్టూ అందులోనే ఉంది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

షికాగో మురుగు ఒకప్పుడు నదిలో పడి, ఆ నదితోపాటు సరస్సులో కలిసేది. తాగే నీళ్ళూ అవే. 1900లో కాలువ తవ్వి నదినే వెనక్కి మళ్ళించారు. ఆ ప్రాంతపు ఐదు పెద్ద సరస్సుల్లో ఏటా కొత్తగా చేరే నీరు నూటికి ఒక వంతు లోపే. మురికి చేరితే తొందరగా వదలదు.

మనకు వాన ఏటా కొత్త నీరు తెస్తుంది. అందుకేనేమో మనకు లక్ష్యం లేదు. ఈసారి జలాశయం గట్టుకు పోయి, వాడిన పూలూ ప్లాస్టిక్ కవర్లూ నీళ్ళలో వదలబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ నీటి అడుగున ఎవరిదో గడప ఉంది.