మహానగర మండలములు - మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



నగరముల భవిష్యత్తును గూర్చి ప్రసంగింపుమని మమ్ము కోరిన ఆహ్వానసంఘమువారికి కృతజ్ఞులము. బిడ్డల చదువునకో, వైద్యమునకో, జీవనోపాధికో నగరముతో సంబంధము లేని కుటుంబము మనలో నేడు అరుదు. కావున నిది పండితులకే విడిచిపెట్టదగిన విషయము కాదు.

పూర్వము నగరమనగా కోటగోడలోపలిది. ఆ హద్దు చెరిగి చాలకాలమైనది. పట్టణములు పెరిగి యొండొంటితో కలిసిపోవుటను గమనించి 1915 లోనే పాట్రిక్ గెడ్డీస్ మహాశయుడు అట్టి సముదాయమునకొక క్రొత్త పేరు పెట్టెను. 1961 లో ఫ్రెంచి భూగోళశాస్త్రజ్ఞుడగు గోట్‌మన్, అమెరికాలో బోస్టన్ మొదలు వాషింగ్టన్ వరకు గల నగరముల వరుసనంతయు నొక్క మహామండలముగ వర్ణించి గ్రంథము వ్రాసెను.

ఇది దూరదేశముల ముచ్చట మాత్రమే కాదు. మన హైదరాబాదునే చూతము. 1806 లో వేరుగ వెలసిన సికింద్రాబాదు ఎచట ముగియునో నేడు చెప్పుట కష్టము. 2007 లో చుట్టునున్న 12 పురపాలక సంఘములు నగరములో విలీనమయ్యెను. 2008 లో నేర్పడిన మహానగర అభివృద్ధి సంస్థ పరిధి ఏడువేల చదరపు కిలోమీటర్లకు మించినది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పల్లెల పొలములమీదుగా నగరమును చుట్టివచ్చినది. 1908 నాటి మూసీ వరద పిమ్మట కట్టిన ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము చాలక, కృష్ణా గోదావరీ జలములను నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి తెచ్చుకొనుచున్నారు. నగరము త్రాగు నీరును, తిను కూరయు దాని హద్దుల కావలివే. నగరము మండలమైనది, మన యాలోచన మాత్రము పొలిమేర రాతికడనే నిలిచియున్నది.

ఇందు మేలు లేకపోలేదు. దారి కలిగిన యూరి బిడ్డకు కళాశాలయు, కర్మాగారమును దగ్గరగును. కాని కీడును దాచరాదు. భూమి యమ్మినవానికి రొక్కమైనను దక్కును. ఆ భూమినే నమ్ముకొన్న కౌలుదారునకును కూలివానికిని ఏమి దక్కును? చెరువు పూడ్చి యిండ్లు కట్టిన చోట వాననీరు వీధులలోనికి వచ్చుట అందరము చూచుచున్నదే. అమ్మినవాని రొక్కమైనను పెండ్లిండ్లకును వాహనములకును వ్యయమైపోయిన పిదప, తాను దున్నిన నేలమీద లేచిన మేడకే ఆతడు కావలివాడగుట ఎంత శోచనీయము!

కావున సంఘమువారికి మా విన్నపములు మూడు. విద్యార్థి వసతిగృహములన్నియు నగర నడిబొడ్డుననే కట్టక, సంగారెడ్డి, భువనగిరి, షాద్‌నగరు వంటి అంచు పట్టణములయందును నెలకొల్పవలెను. భూమి యమ్మదలచిన సోదరులకు న్యాయవాదులచే ఉచిత సలహా ఇప్పింపవలెను. వచ్చిన ధనములో కొంత బిడ్డల చదువునకు నిలుపునట్లు నచ్చచెప్పవలెను. గ్రామపు చెరువును, శ్మశానమును, పశువుల బీడును కాపాడుటకు ఇరుగుపొరుగు కులములవారితో చేయి కలుపవలెను. నీటికి కులము లేదు గదా!

నగరము మన గడపకు వచ్చుచున్నది. అతిథివలె వచ్చునో, ఆక్రమించుకొన వచ్చునో మన జాగరూకతను బట్టియుండును. దాతలును యువకులును ఈ కార్యమునకు పూనుకొందురని నమ్మి సెలవు గైకొనుచున్నాము.