ఏ అరలో ఏ ఫైలు? – విండోస్‌కు, ఆటలకు ఎస్.ఎస్.డి. ఎంచుకోవడం ఎలా?

(సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ సవరణ, డి.ఆర్. బకాయిలు, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద కంప్యూటరులోని ఒక భాగం గురించి ఉపన్యాసమేమిటని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. ఇవాళ మన పెన్షన్ కాగితాలు, బ్యాంకు లెక్కలు, దూరాన ఉన్న పిల్లల ఫొటోలు చాలా ఇళ్ళల్లో కంప్యూటరులోనే ఉన్నాయి. సెలవులకు వచ్చిన మనవడు ఆటలు ఆడేదీ ఆ కంప్యూటరులోనే. అది నెమ్మదిగా ఉందని, "తాతయ్యా, ఎస్.ఎస్.డి. వేయిద్దాం" అంటాడు. డబ్బు ఇచ్చేది మనం. కనుక ఏది కొనాలో, అందులో ఏది పెట్టాలో మనకూ కొంత తెలిసి ఉండటం మంచిది.

ముందుగా అసలు సంగతి. కంప్యూటరులో సమాచారం దాచే పాత సాధనం హార్డ్ డిస్కు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తెచ్చిన మొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. ఇప్పటి ఒక మామూలు ఫొటోకు కూడా అది బొటాబొటీ. హార్డ్ డిస్కు ఎంత చిన్నదయినా పద్ధతి మారలేదు. పళ్ళెం తిరగాలి, ముల్లు జరగాలి. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కులో సైతం ఒక్కో చోటును వెదకడానికి సెకనులో నూరో వంతు పడుతుంది. ఎస్.ఎస్.డి.లో తిరిగేది ఏదీ లేదు. ఉన్నవన్నీ చిప్పులే. 1987లో జపాన్‌లోని తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా బృందం ప్రకటించిన 'నాండ్ ఫ్లాష్' అనే జ్ఞాపక చిప్పే దీనికి మూలం. ఇందులో వెదకడానికి పట్టే కాలం సెకనులో పదివేలో వంతుకు అటూ ఇటూ.

దీన్ని మన ఆఫీసు భాషలో చెబుతాను. అటెండరును రికార్డు రూముకు పంపామనుకోండి. ఒక్క పెద్ద కట్ట తెమ్మంటే అతను ఎంత వేగంగా మోసుకొస్తాడన్నది ముఖ్యం. కానీ వెయ్యి చిన్న ఫైళ్ళు ఒక్కొక్కటిగా తెమ్మంటే? అప్పుడు కాలమంతా వెదకడానికే పోతుంది. కంప్యూటరు ఆన్ చేసినప్పుడు విండోస్ చేసే పని ఈ రెండో రకం. వేల చిన్న ఫైళ్ళను తెరుస్తుంది. అందుకే హార్డ్ డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేస్తే, నిమిషాలు పట్టే పని సెకన్లలో అవుతుంది.

ఇక దుకాణంలో వినిపించే పేర్లు. ప్రధానంగా రెండు రకాలు. ఒకటి 'సాటా' ఎస్.ఎస్.డి. ఇది ఎక్కువగా రెండున్నర అంగుళాల డబ్బీలా ఉంటుంది, పాత కంప్యూటర్లకు కూడా సరిపోతుంది. సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదువుతుంది. రెండోది 'ఎన్.వి.ఎం.ఈ.' ఇది చూయింగ్ గమ్ బిళ్ళలా సన్నగా, సాధారణంగా 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. మదర్‌బోర్డు మీద 'ఎం.2' అనే గాడిలో కూర్చుంటుంది. దీనిలో మూడో తరం సెకనుకు 3500, నాలుగో తరం 7000 మెగాబైట్ల వరకు చదువుతాయి. అయిదో తరంలో అంతకు మించినవీ ఉన్నాయి.

550కి, 7000కి పన్నెండు రెట్లు తేడా కనుక పన్నెండు రెట్లు సుఖం ఉంటుందని అనుకోకండి. ఆ అంకెలు పెద్ద కట్ట మోసే వేగానివి. వెదికే వేగంలో రెంటికీ అంత అంతరం లేదు. విండోస్ లేవడంలోగాని, ఉత్తరం టైపు చేయడంలోగాని, చాలా ఆటలు తెరుచుకోవడంలోగాని తేడా కొద్ది సెకన్లే. ఆట మొదలయ్యాక బొమ్మ ఎంత సాఫీగా కదులుతుందన్నది ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరు మీద ఆధారపడుతుంది. డ్రైవు మార్చినంత మాత్రాన అది పెరగదు. మనవలు దయచేసి ఈ మాట గమనించాలి.

అలాగని ఆటలను హార్డ్ డిస్కులోనే ఉంచమని నేను అనను. 2023లో వచ్చిన 'స్టార్‌ఫీల్డ్' ఆటకు 125 జీబీ, 'బాల్డర్స్ గేట్ 3'కి 150 జీబీ చోటు కావాలి. రెండూ ఎస్.ఎస్.డి. ఉండాలనే అడుగుతాయి. ఇటువంటివి నాలుగు వేస్తే 500 జీబీ డ్రైవు నిండినట్లే. కనుక ఆటలకు కావలసింది ముందు చోటు, తరువాతే వేగం.

ఇప్పుడు అసలు ప్రశ్న. రెండు డ్రైవులుంటే దేనిలో ఏది? నా మనవి ఇది. ఎన్.వి.ఎం.ఈ. 500 జీబీ ఒకటి, సాటా 1 టీబీ ఒకటి ఉన్నాయనుకోండి. విండోస్, రోజూ వాడే ప్రోగ్రాములు మొదటి దానిలో, ఆటలు రెండో దానిలో పెట్టాలి. విండోస్ రోజంతా చిన్న చిన్న రాతలు రాస్తూనే ఉంటుంది. ఆట అలా కాదు. ఒకసారి రాసి పెడితే తరువాత ప్రధానంగా చదవడమే.

ఈ తేడా తెలిస్తే కొనేటప్పుడు రెండు విషయాలు తేలికగా అర్థమవుతాయి. మొదటిది టి.ఎల్.సి., క్యు.ఎల్.సి. అనే మాటలు. చిప్పులోని ఒక్కో గదిలో మూడు బిట్లు కాపురముంటే టి.ఎల్.సి., నాలుగు ఉంటే క్యు.ఎల్.సి. గది ఇరుకైన కొద్దీ రాయడం నెమ్మదిస్తుంది, రాతకు ఆయుష్షూ తగ్గుతుంది. కనుక విండోస్‌కు టి.ఎల్.సి. తీసుకోండి. ఆటలకు క్యు.ఎల్.సి. అయినా సరిపోతుంది. రెండోది 'డీరామ్'. ఇది డ్రైవులో ఉండే ఇండెక్సు రిజిస్టరు వంటిది. ఏ ఫైలు ఏ అరలో ఉందో బల్ల మీదే చూసుకోవచ్చు. ఇది ఉన్న డ్రైవు విండోస్‌కు మేలు. డీరామ్ లేని ఎన్.వి.ఎం.ఈ. డ్రైవుల్లో చాలా వరకు కంప్యూటరు జ్ఞాపకశక్తిలోనే కొంత చోటు అరువు తెచ్చుకుంటాయి. అవీ ఇంటి వాడకానికి సరిపోతాయి.

ఒకటే డ్రైవుకు చోటున్న లాప్‌టాప్ అయితే 1 టీబీది ఒకటి తీసుకుని రెండూ అందులోనే పెట్టుకోండి. 1 టీబీ అని కొన్నది విండోస్‌లో 931 జీబీగానే కనబడుతుంది. అది మోసం కాదు. తయారీదారులు వేల లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలవడం వల్ల వచ్చిన తేడా. అందులో కూడా సుమారు ఆరో వంతు ఖాళీగా వదలాలి. పూర్తిగా నింపితే ఎస్.ఎస్.డి. నెమ్మదిస్తుంది.

"రాతకు ఆయుష్షు ఉందన్నారు గదా, త్వరగా అరిగిపోదా?" అని కొందరికి సందేహం రావచ్చు. 500 జీబీ టి.ఎల్.సి. డ్రైవులకు 300 టీబీ రాతల వరకు హామీ ఇచ్చేవి ఉన్నాయి. రోజుకు 30 జీబీ రాసినా అది 10,000 రోజులు, అంటే 27 ఏళ్ళు. అరుగుదల గురించి బెంగ అక్కరలేదు. కానీ ఎస్.ఎస్.డి. పోయేటప్పుడు ముందుగా ఏ చప్పుడూ చేయకపోవచ్చు. నిన్న పనిచేసింది, ఇవాళ కనబడదు. పైగా ఇందులో చెరిపేసిన ఫైలును తిరిగి రాబట్టడం హార్డ్ డిస్కులో కంటే చాలా కష్టం. చెరిపిన చోటును డ్రైవు తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన మిత్రుడొకరి ఇంట్లో కొత్త ఎస్.ఎస్.డి. వేయించారు. విండోస్ కొత్త దానిలో పెట్టారు. మిగిలిన పాత డిస్కును దుకాణంలోని కుర్రవాడు శుభ్రంగా చెరిపి, ఆటలకు కేటాయించాడు. దాని మీద నూరు జీబీల ఆట ఎక్కింది. ఆ డిస్కులో మిత్రుడి కుమార్తె పెళ్ళి వీడియో ఉండేది. కాలం చేసిన ఆయన శ్రీమతి గొంతు దానిలో ఒక్కదానిలోనే ఉంది. కుర్రవాడిది దుర్బుద్ధి కాదు. ఏది ఉంచాలో అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ ఆటను ఎన్నిసార్లయినా తిరిగి దింపుకోవచ్చు. ఆ గొంతు రాదు.

మిత్రులారా, సర్వీసు రిజిస్టరు పోతే డూప్లికేటు కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కాలో మనకు తెలుసు. అందుకే దాన్ని టపా కాగితాలతో కలిపి ఉంచేవారం కాదు. ఇంట్లో కంప్యూటరుకూ అదే నియమం. ప్రతి ఫైలు గురించి, "ఇది పోతే తిరిగి వస్తుందా?" అని అడగండి. విండోస్ తిరిగి వస్తుంది. స్టీమ్ వంటి చోట కొన్న ఆట ఖాతాలో ఉంటుంది, మళ్ళీ దింపుకోవచ్చు. ఆటలో పిల్లవాడు ఎంతవరకు వచ్చాడన్న లెక్క మాత్రం తరచు 'సి' డ్రైవులో వేరుగా ఉంటుంది. దాన్ని ముందే నకలు తీసుకోమనండి. ఫొటోలు, వీడియోలు, స్కాన్ చేసిన దస్తావేజులు తిరిగి రావు. వాటికి కంప్యూటరు బయట రెండు నకళ్ళు ఉండాలి. ఒక నకలు ఊళ్ళోనే మరో ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. ఒకే డ్రైవును సి, డి అని రెండు భాగాలు చేసి, "డి లో భద్రంగా ఉన్నాయి" అనుకోవడం భ్రమ. డ్రైవు పోతే రెండూ పోతాయి. నకలు తీసిన ఎస్.ఎస్.డి.ని కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పడేయడమూ మంచిది కాదు. దాచి ఉంచడానికి బయట తగిలించే హార్డ్ డిస్కే నయం. దాన్ని కూడా ఆరు నెలలకొకసారి తగిలించి, తెరిచి చూడండి.

కొనబోయే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. విండోస్ 10కి ఉచిత సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా సదుపాయం, ఆమోదిత జాబితాలోని ప్రాసెసరు కావాలి. ఎస్.ఎస్.డి. వేసినంత మాత్రాన పాత కంప్యూటరుకు ఆ అర్హత రాదు. ముందు అది తేల్చుకున్నాకే డబ్బు పెట్టండి. ఎం.2 గాడి ఉన్నా అది సాటాదో, ఎన్.వి.ఎం.ఈ.దో కంప్యూటరు మోడల్ పుస్తకంలో చూడండి. మూడో తరం గాడిలో నాలుగో తరం డ్రైవు పనిచేస్తుంది గాని, మూడో తరం వేగంతోనే. వెయ్యి రూపాయలకు 16 టీబీ అని అమ్మేవి నకిలీవి. చోటు ఉన్నట్లు చూపి, నిండాక పాత ఫైళ్ళను పాడుచేస్తాయి. బిల్లు, వారంటీ కార్డు తప్పక తీసుకోండి. ధరలు నేను చెప్పడం లేదు. ఈ సంచిక మీ చేతికి వచ్చేలోగా అవి మారిపోతాయి.

చివరిగా వరుస క్రమం. మొదట నకళ్ళు తీయండి, అవి మరొక కంప్యూటరులో తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తరువాతే దుకాణానికి వెళ్ళండి. పాత డిస్కును అక్కడ వదలకండి, చెరపనివ్వకండి. మన బ్యాంకు కాగితాలు కూడా దానిలో ఉంటాయి. ఇంటికి తెచ్చి, మీద తేదీ రాసి దాచండి. కనీసం ఆరు నెలల పాటు దాని మీద ఏ ఆటా ఎక్కించవద్దు. మనవడితో కలిసి కూర్చుని, ఏ డ్రైవులో ఏది ఉందో ఒక కాగితం మీద రాసి, కంప్యూటరు పక్కన గోడకు అంటించండి. ఆ పని వాడికీ ఇష్టంగానే ఉంటుంది.