ఆడపిల్లల హాస్టలుకు ఇంకో రోజు కూలి

మన హైస్కూలుకు తండాల పిల్లలు నడిచే రావాలి. వానొస్తే వాగు దాటలేరు. పెద్దమనిషి అయిందంటే బడి మాన్పించి పెళ్లిమాట ఎత్తుతారు. చట్టం 18 ఏళ్లంటుంది, వింటారా? 2004లో మొదలైన కస్తూర్బా బడుల్లో అందరికీ సీటు దొరకదు.

అందుకే బడి పక్కన హాస్టలు కట్టాలని గ్రామ సంఘాల్లో తీర్మానం రాసుకున్నాం. పొదుపు ముట్టుకోలేదు, అది మన అప్పులకు తిరిగే సొమ్ము. తలా ఒకరోజు కూలి వేసుకున్నాం. కూలి దొరకనోళ్లు బియ్యం తెచ్చారు, అమ్మి రశీదు రాశాం. మగాళ్లూ మట్టి మోశారు, ఆ మాట చెప్పాలి.

గోడలు లేచాయి. స్లాబుకు డబ్బు చాల్లేదు. మేస్త్రీ రేకులు చాలన్నాడు. ఎండాకాలం రేకుల కింద పిల్లలు పడుకుంటారా? మేం ఒప్పుకోలేదు. కోతలయ్యాక ఇంకో రోజు కూలి అడుగుతున్నాం. లెక్కల పుస్తకం సమాఖ్య ఆఫీసులో ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.